వేగం వెల ఎంత? - కాంకార్డ్ విమానం చెప్పే ఆర్థిక పాఠం

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం - గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు)

మానవుడు కాలినడక నుంచి ఎడ్లబండికి, బండి నుంచి రైలుకు, రైలు నుంచి విమానానికి ఎక్కాడు. ప్రతి మెట్టులోనూ వేగం పెరిగిందే గాని తగ్గలేదు. విజ్ఞానం పెరిగే కొద్దీ వేగం పెరుగుతుందనీ, అది ప్రకృతి నియమం లాంటిదనీ మనలో చాలామంది నమ్మకం. ఈ నమ్మకానికి ఒక పెద్ద మినహాయింపు వుంది. 1977 నుంచి 2003 వరకు టికెట్టు కొనే స్తోమత వున్న మనిషి లండన్ నుంచి న్యూయార్కుకు సుమారు మూడున్నర గంటలలో చేరగలిగాడు. ఈనాడు అదే మనిషి ఎంత డబ్బు చేత పట్టుకుని వెళ్ళినా, ఆ దూరానికి ఏడెనిమిది గంటలు విమానంలో కూర్చోవలసిందే. వేగం వెనక్కి నడిచింది!

ఆ విమానం పేరు కాంకార్డ్. దాని అందం గురించి, వేగం గురించి వ్యాసాలు చాలా వచ్చాయి. నేను ఇక్కడ వ్రాయదలచింది అది కాదు. ఇంత గొప్ప యంత్రం ఎందుకు నిలబడలేదు? తప్పు ఇంజనీర్లదా, వ్యాపారులదా, ప్రభుత్వాలదా? మనం తరగతి గదిలో నేర్చుకునే భౌతిక శాస్త్రానికీ, బజారులో నడిచే లెక్కకూ ఎక్కడ ముడి పడింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పుట్టుక

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత యుద్ధ విమానాలు ధ్వని వేగాన్ని దాటాయి. సైనికుడు పోగలిగిన వేగంతో ప్రయాణీకుడు ఎందుకు పోకూడదు అనే ఆలోచన బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా, సోవియట్ దేశాలలో దాదాపు ఒకేసారి పుట్టింది. బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలు విడివిడిగా ఖర్చు భరించలేమని గ్రహించి 1962 నవంబరు 29న ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఖర్చు సగం సగం, పని సగం సగం. అది రెండు కంపెనీల మధ్య కాగితం కాదు, రెండు ప్రభుత్వాల మధ్య అంతర్జాతీయ సంధి. ఒక పక్షం మధ్యలో తప్పుకోవడానికి అందులో దారి పెట్టలేదు. ఈ చిన్న విషయం గుర్తుంచుకోవాలి, దీని ఫలితం పెద్దది.

మొదట వేసిన అంచనా 15 నుంచి 17 కోట్ల పౌండ్లు. పని ముగిసే నాటికి అభివృద్ధి ఖర్చే 110 కోట్ల పౌండ్లు దాటింది. ఆ రోజుల ధరల పెరుగుదలను తీసివేసి చూసినా ఇది మామూలు పొరపాటు కాదు. 1964లో బ్రిటన్‌లో కొత్తగా గద్దెనెక్కిన లేబర్ ప్రభుత్వం ఈ పథకాన్ని వదిలించుకోవాలని చూసింది. కాని సంధిలో దారి లేదు. తప్పుకుంటే ఫ్రాన్స్ హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళుతుందనీ, నష్టపరిహారం కట్టి కూడా చేతికి విమానం రాదనీ భయపడి వెనక్కి తగ్గింది.

చివరకు 1969 మార్చి 2న ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఆంద్రే తుర్కా నడపగా మొదటి కాంకార్డ్ గాలిలోకి లేచింది. సరిగ్గా మూడు వారాల ముందు, ఫిబ్రవరి 9న, అమెరికాలో మరొక విమానం మొదటిసారి ఎగిరింది. దాని పేరు బోయింగ్ 747. ఒకటి వేగాన్ని నమ్ముకుంది, రెండవది పరిమాణాన్ని నమ్ముకుంది. ఈ రెండింటి పోటీయే మన కథ.

చెర్నాకోల దెబ్బ

ముందుగా భౌతిక శాస్త్రం. సముద్ర మట్టం దగ్గర ధ్వని వేగం గంటకు సుమారు 1225 కి.మీ. పైకి పోయే కొద్దీ గాలి చల్లబడుతుంది కనుక ఈ వేగం తగ్గి, కాంకార్డ్ ఎగిరే ఎత్తులో గంటకు 1060 కి.మీ. దరిదాపుల్లో వుంటుంది. విమాన వేగాన్ని అక్కడి ధ్వని వేగంతో భాగిస్తే వచ్చేది మాక్ సంఖ్య. కాంకార్డ్ ప్రయాణ వేగం మాక్ 2, అంటే గంటకు సుమారు 2150 కి.మీ.

మామూలు విమానం వస్తుంటే దాని ముందున్న గాలికి కబురు ముందుగానే అందుతుంది. విమానం కలిగించే ఒత్తిడి తరంగాలు ధ్వని వేగంతో ముందుకు పోయి, 'తప్పుకోండి' అని చెప్పినట్లు గాలిని ప్రక్కకు జరుపుతాయి. విమానమే ధ్వని కంటె వేగంగా వస్తే ఈ కబురు అందదు. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి ఆఘాత తరంగం ఏర్పడుతుంది. అది విమానం వెనుక శంఖువు ఆకారంలో పరుచుకుని నేలను తాకినప్పుడు పిడుగు పడినట్టు మోత వినిపిస్తుంది. ఇది మనకు తెలియనిదేమీ కాదు. ఎద్దులను అదిలించడానికి చెర్నాకోల ఝళిపించినప్పుడు 'ఛెళ్' మని వచ్చే శబ్దం ఇదే. కొరడా కొస క్షణకాలం ధ్వని వేగాన్ని దాటుతుంది. అదొక బుల్లి సూపర్‌సానిక్ మోత.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ వుంది. విమానం ధ్వని వేగాన్ని దాటిన ఆ ఒక్క క్షణంలోనే మోత వస్తుందని అనుకుంటారు. అలా కాదు. ఆ వేగంతో ఎగిరినంతసేపూ ఆ శంఖువు విమానంతో పాటు నేల మీద ఈడ్చుకుంటూ పోతుంది. 18 కి.మీ. ఎత్తున పోయే కాంకార్డ్ క్రింద సుమారు 80 కి.మీ. వెడల్పు గల నేలపట్టీలో వున్న ప్రతి వూరికీ ఒక్కొక్క దెబ్బ తగులుతుంది. విమానంలో కూర్చున్న వంద మందికి మాత్రం అది వినపడదు!

జనం దీనిని భరిస్తారా అని తెలుసుకోవడానికి 1964లో అమెరికాలోని ఓక్లహోమా సిటీ మీద ఆరు నెలల పాటు యుద్ధ విమానాలతో 1253 మోతలు మోగించారు. కిటికీ అద్దాలు పగిలాయి, ఫిర్యాదులు వేల సంఖ్యలో వచ్చాయి. ఇలాంటి బ్రతుకు మావల్ల కాదని సుమారు నాలుగో వంతు ప్రజలు తేల్చి చెప్పారు. 1973లో అమెరికా తన నేల మీద పౌర విమానాలు ధ్వని వేగాన్ని దాటరాదని నిషేధించింది. మిగతా దేశాలు చాలావరకు అదే దారి పట్టాయి. ఆ రోజుతో కాంకార్డ్ కేవలం సముద్రాల మీది విమానమై పోయింది.

వేడిమి గీసిన గీత

మాక్ 2 అనే అంకె ఎలా వచ్చింది? మాక్ 3 ఎందుకు కాలేదు? దీనికి చిన్న లెక్క వుంది. వేగంగా వచ్చే వస్తువు ముందు గాలి ఆగిపోయినప్పుడు దాని గతిశక్తి వేడిగా మారుతుంది. ఆ ఉష్ణోగ్రత కావాలంటే బయటి గాలి ఉష్ణోగ్రతను కెల్విన్‌లలో తీసుకుని, మాక్ సంఖ్య వర్గాన్ని 0.2తో గుణించి 1 కలపగా వచ్చిన దానితో హెచ్చించాలి.

బయట మైనస్ 56 డిగ్రీలు, అంటే 217 కెల్విన్‌లు. మాక్ 2 దగ్గర హెచ్చించవలసిన అంకె 1.8. ఫలితం 390 కెల్విన్‌లు, అనగా 117 డిగ్రీల సెంటీగ్రేడ్. నీళ్ళు మరిగే వేడిమి కంటె ఎక్కువ. వాస్తవంగా కాంకార్డ్ ముక్కు కొనకు విధించిన హద్దు 127 డిగ్రీలు. ఈ వేడికి ప్రయాణంలో విమానం పొడవు 15 నుంచి 25 సెంటీమీటర్ల దాకా సాగేది! అయినా ఇది ప్రత్యేక అల్యూమినియం మిశ్రమలోహం తట్టుకోగలిగిన వేడి. అదే మాక్ 2.7కి లెక్క వేస్తే దాదాపు 260 డిగ్రీలు వస్తుంది. అక్కడ అల్యూమినియం పనికిరాదు, టైటానియం కావాలి. అమెరికా తన బోయింగ్ 2707ను మాక్ 2.7కు తలపెట్టి ఆ ఊబిలోనే దిగింది. ఈ విషయంలో బ్రిటిషు, ఫ్రెంచి ఇంజనీర్ల వివేకాన్ని మెచ్చుకోక తప్పదు. తెలిసిన లోహంతో పోగలిగినంత వేగం దగ్గర ఆగారు.

ఇంధనం లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. విమానం ఎంత దూరం పోగలదు అనేది ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుంది: వేగం, పైకెత్తే బలానికీ ఆపే బలానికీ వున్న నిష్పత్తి, ఇంజను తాగే ఇంధనం. మొదటి రెండూ ఎక్కువుండాలి, మూడవది తక్కువుండాలి.

బోయింగ్ 747 వేగం మాక్ 0.85. బలాల నిష్పత్తి సుమారు 17. రెండూ గుణిస్తే పద్నాలుగున్నర. కాంకార్డ్ వేగం మాక్ 2, ఆఘాత తరంగాల వల్ల నిష్పత్తి ఏడుకు పడిపోయింది. గుణిస్తే 14. చూశారా, ఇద్దరూ సమానమే! ఈ లెక్క చూసే 1960ల నాటి ఇంజనీర్లు ధైర్యం చేశారు. పోయింది మూడవ అంకె దగ్గర. ఒక పౌను నెట్టుడు బలం ఒక గంట సేపు ఇవ్వడానికి కాంకార్డ్ ఇంజను మాక్ 2 వద్ద 1.2 పౌన్ల ఇంధనం తాగుతుంది. 747 ఇంజనుకు సుమారు 0.6 చాలు. ఆ వేగంలో అంతకంటె మంచి ఇంజను ఎవరూ చేయలేదు, ఆ ఒలింపస్ 593 ఇంజను నిజంగా ఇంజనీరింగ్ అద్భుతం. కాని అద్భుతం కూడా రెట్టింపు తాగింది.

ఇక బరువుల పంపకం చూద్దాం. పైకి లేచేటప్పుడు కాంకార్డ్ గరిష్ఠ బరువు 185 టన్నులు. అందులో విమానం 79 టన్నులు, ఇంధనం 95 టన్నుల దాకా. మిగిలేది 11 టన్నులు. ప్రయాణీకులు, వాళ్ళ పెట్టెలు అన్నీ అందులోనే. వంద సీట్ల విమానానికి 95 టన్నుల ఇంధనం అంటే సీటుకు దాదాపు ఒక టన్ను. మనిషితో పాటు అతని బరువుకు పదిరెట్లకు పైగా కిరోసిన్ మోస్తున్నదన్న మాట. టాక్సీ చేస్తూ రన్‌వే దాకా పోవడానికే సుమారు రెండు టన్నులు కాలేది.

మరొక విధంగా చెప్పాలంటే, ఒక అమెరికన్ గాలన్ ఇంధనంతో కాంకార్డ్ ఒక ప్రయాణీకుణ్ణి 16 మైళ్ళు తీసుకుపోతే, 747 అదే గాలన్‌తో 46 మైళ్ళు తీసుకుపోయింది. దాదాపు మూడు రెట్ల తేడా.

ఈ పదకొండు టన్నులే కాంకార్డ్ ప్రాణం. బరువు కొంచెం పెరిగినా, ఎదురు గాలి కొంచెం ఎక్కువైనా ప్రయాణీకులనో, సామానునో తగ్గించుకోవాలి. లండన్ నుంచి, పారిస్ నుంచి న్యూయార్కు అందుతుంది. ఇంకొంచెం దూరమైతే మధ్యలో దిగి ఇంధనం పోసుకోవాలి, అప్పుడు ఆదా అయిన సమయం మళ్ళీ ఖర్చవుతుంది. పసిఫిక్ మహాసముద్రాన్ని ఒక్క దాటులో దాటే శక్తి దానికి లేదు.

రెట్టింపు వేగం, రెట్టింపు పని అనే ఆశ

ఇంధనం ఎక్కువైతేనేం, రెట్టింపు వేగంతో పోయే విమానం రోజుకు రెట్టింపు సార్లు తిరుగుతుంది కదా, ఒక్క విమానం రెండు విమానాల పని చేస్తుంది కదా అని మొదట్లో వాదించారు. కాగితం మీద ఇది సరైన మాటే.

కాని విమానం పనంతా గాలిలోనే జరగదు. జనం ఎక్కాలి, దిగాలి, ఇంధనం నింపాలి, తనిఖీ చేయాలి. రాత్రిపూట విమానాశ్రయాలు మోత భరించవు. పైగా గడియారం ఒకటుంది. ఉదయం పదిన్నరకు లండన్‌లో ఎక్కినవాడు న్యూయార్కు గడియారం ప్రకారం తొమ్మిదిన్నర లోపే దిగేవాడు. బయలుదేరిన సమయం కంటె ముందే చేరడం! వ్యాపారస్తులకు ఇది గొప్ప సదుపాయం. తిరుగు ప్రయాణంలో కథ మారుతుంది. పొద్దున న్యూయార్కులో ఎక్కితే లండన్‌లో దిగేసరికి సాయంకాలం. పగలంతా పోయింది. మామూలు విమానంలో రాత్రి పడుకుని తెల్లవారి దిగితే పగలు మిగులుతుంది. అంటే వేగానికి ఒక దిక్కున వున్న విలువ రెండవ దిక్కున లేదు.

ఫలితం చూడండి. బ్రిటిష్ ఎయిర్వేస్ ఏడు కాంకార్డ్‌లను సుమారు 28 ఏళ్ళు నడిపింది. మొత్తం దాదాపు 50 వేల ప్రయాణాలు, 25 లక్షల మంది ప్రయాణీకులు. భాగిస్తే ఒక్కొక్క విమానానికి సంవత్సరానికి 255 ప్రయాణాలు. అంటే రోజుకు ఒకటి కూడా కాదు. వంద సీట్లలో సగటున యాభై మంది. రెట్టింపు పని చేస్తుందన్న విమానం ఎక్కువ కాలం షెడ్డులోనే గడిపింది.

కొంటామన్నవాళ్ళు వెళ్ళిపోయారు

1960లలో 16 విమాన కంపెనీలు 70కి పైగా కాంకార్డ్‌లకు ఆప్షన్లు తీసుకున్నాయి. ఆప్షను అంటే కొనుగోలు కాదు, వరుసలో చోటు పట్టుకోవడం. మన ఎయిర్ ఇండియా కూడ రెండు విమానాలకు చోటు పట్టుకుంది. పోటీదారుడు కొంటే మనం వెనుకబడతామన్న భయమే అందరినీ వరుసలో నిలబెట్టింది.

1973 జనవరి 31న అమెరికాలోని పాన్ అమెరికన్, టి.డబ్ల్యు.ఏ. కంపెనీలు వద్దన్నాయి. ముందువాడు వరుస వదలగానే వెనుకవాళ్ళందరికీ భయం తీరిపోయింది. ఒకరి తరువాత ఒకరు జారుకున్నారు. ఎయిర్ ఇండియా కూడ తప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చింది. పీపాకు సుమారు 3 డాలర్లున్న చమురు 1974 తొలి నెలలకల్లా 12 డాలర్ల దరికి చేరింది. మూడు రెట్లు ఇంధనం తాగే విమానానికి ఇంతకంటె చెడ్డ ముహూర్తం వుండదు.

చివరకు తయారైనవి 20. వాటిలో ఆరు పరీక్షలకు. ప్రయాణీకులను మోసినవి 14. ఏడు బ్రిటన్ ప్రభుత్వ సంస్థకు, ఏడు ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థకు. బయటివాడు కొన్నది ఒక్కటీ లేదు. ఇల్లు కట్టినవాడే అద్దెకు దిగినట్లయింది. అదే 747 సంగతి చూస్తే, 2023 జనవరిలో చివరిది అప్పగించే నాటికి 1574 తయారయ్యాయి. అభివృద్ధి ఖర్చును 14తో భాగించడానికీ, 1574తో భాగించడానికీ ఎంత తేడా వుంటుందో ఎవరైనా చెప్పగలరు.

మిగతా ఇద్దరు పోటీదారుల గతి ఇంకా హీనం. అమెరికా కాంగ్రెసు 1971 మార్చిలో బోయింగ్ 2707కు డబ్బు ఆపివేసింది. ఒక్క విమానమైనా పూర్తి కాలేదు. సోవియట్ టుపలేవ్ 144 అందరికంటె ముందు, 1968 డిసెంబరు 31న ఎగిరింది. 1973 జూన్ 3న పారిస్ ప్రదర్శనలో ఒకటి కూలి 14 మంది మరణించారు. 1977 నవంబరులో మాస్కో, ఆల్మా ఆటాల మధ్య ప్రయాణీకులను తీసుకుపోవడం మొదలుపెట్టి, 55 ప్రయాణాలతో 1978 జూన్‌లో ముగించింది.

1976 జనవరి 21న కాంకార్డ్ సర్వీసు మొదలైంది. లండన్ నుంచి బహ్రెయిన్‌కు ఒకటి, పారిస్ నుంచి డకార్ మీదుగా రియో డి జనీరోకు మరొకటి. అసలు కావలసింది న్యూయార్కు. అక్కడివారు మోతకు భయపడి కోర్టులకెక్కడంతో 1977 నవంబరు 22 దాకా ఆగవలసి వచ్చింది. అదే సంవత్సరం బహ్రెయిన్ దారిని సింగపూరు దాకా పొడిగించారు. మలేషియా మోత గురించి అభ్యంతరం చెప్పి మూడు ప్రయాణాలకే ఆపించింది. భారత ప్రభుత్వం మన గగనతలంలో ధ్వని వేగాన్ని దాటనివ్వలేదు. 1979లో తిరిగి మొదలైన ఆ దారి 1980లో మూతపడింది. దాని మోత మన పొలాల మీద, పల్లెల మీద పడకపోవడానికి ఈ నిర్ణయం ఒక కారణం. ఎవరో తొందరగా సింగపూరు చేరడానికి మన జనం దెబ్బ కాయనక్కర లేదన్న ఆ మాట న్యాయమైనదేనని నా అభిప్రాయం.

పోయిన డబ్బు, పోవలసిన డబ్బు

ఇప్పుడొక చిత్రమైన విషయం. ఇంత నష్టపు విమానం 1980ల మధ్య నుంచి బ్రిటిష్ ఎయిర్వేస్‌కు లాభం తెచ్చిపెట్టింది! ఇదెలా సాధ్యం?

ఇది అర్థం కావాలంటే మన వూళ్ళలో బోరు వేసే రైతును తలచుకోవాలి. మాది వ్యవసాయ కుటుంబం కనుక ఈ ఉపమానమే నాకు ముందు తోచింది. మూడు వందల అడుగులు దించినా నీరు పడలేదు. 'ఇంత పెట్టాం గదా, ఇంకో వంద దించుదాం' అంటారు. ఈ మాటలో 'ఇంత పెట్టాం గదా' అన్నది కారణం కాదు. ఆ డబ్బు దించినా రాదు, మానినా రాదు. అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇక మీదట పెట్టే డబ్బుకు నీరు పడే ఆశ ఎంత? 1962 నుంచి 1976 దాకా రెండు ప్రభుత్వాలు 'ఇంత పెట్టాం గదా' అనే మాటతోనే పథకాన్ని లాక్కొచ్చాయి. ఈ తర్కదోషానికి శాస్త్రజ్ఞులు కాంకార్డ్ పేరే పెట్టేశారు. రిచర్డ్ డాకిన్స్, టి. ఆర్. కార్లైల్ 1976లో జంతువుల సంతాన పోషణ గురించి వ్రాస్తూ దీన్ని ప్రస్తావించారు. 'కాంకార్డ్ దోషం' అనే మాట ఆ తరువాత జీవశాస్త్రంలో, అర్థశాస్త్రంలో స్థిరపడిపోయింది.

అయితే ఇదే సూత్రాన్ని తిరగవేసి చూడాలి. బోరు వేయడం తెలివితక్కువే అయి వుండవచ్చు. అయినా కొంచెం నీరు పడింది. ఇప్పుడు మోటారు వేయాలా వద్దా? బోరు ఖర్చు మరిచిపోయి, కరెంటు ఖర్చుకూ పంట రాబడికీ మాత్రమే పోలిక చూడాలి. రాబడి ఎక్కువైతే వేయవలసిందే. విమానాల పెట్టుబడి కింద వున్న 16 కోట్ల పౌండ్లను బ్రిటన్ ప్రభుత్వం 1979లో రద్దు చేసింది. ఆ తరువాత నడక మీద మిగులు వస్తే అందులో 80 శాతం ప్రభుత్వానికి పోయేది, నిర్వహణ మద్దతు ఖర్చు ప్రభుత్వం భరించేది. 1984లో బ్రిటిష్ ఎయిర్వేస్ 1.65 కోట్ల పౌండ్లు కట్టి విడిభాగాలతో సహా అంతా తన చేతికి తీసుకుంది. ఇక లాభమూ తనదే, ఖర్చూ తనదే.

అప్పుడు వాళ్ళు చేసిన పని తెలివైనది. మీరు ఈ టికెట్టుకు ఎంత ఇస్తున్నారనుకుంటున్నారని ప్రయాణీకులను అడిగారు. టికెట్లు వాళ్ళ కంపెనీలు, కార్యదర్శులు కొనేవారు కనుక చాలామందికి అసలు ధర తెలియదు. అసలు కంటె ఎక్కువే చెప్పారు. సరే, వాళ్ళు అనుకున్న ధరే పెట్టేద్దామని ఛార్జీలు పెంచేశారు! జనం తగ్గలేదు. 1997 నాటికి న్యూయార్కు నుంచి లండన్ పోయి రావడానికి 7995 డాలర్లు. అదే దారిలో అన్నిటికంటె చౌక టికెట్టుకు ఇది 30 రెట్లకు పైన. ఎయిర్ ఫ్రాన్స్‌కు మాత్రం ఇంత లాభం రాలేదు. లండన్‌కూ న్యూయార్కుకూ మధ్య వున్న డబ్బు ప్రవాహం పారిస్‌కు లేదు.

ఈ లాభం నిజమైనదే. ఐతే ఎవరి నెత్తిన నిలబడి వచ్చిన లాభం? కాంకార్డ్‌ను జీవితంలో ఎన్నడూ ఎక్కని రైల్వే కూలీ, బొగ్గు గని కార్మికుడు, బడి పంతులు కట్టిన పన్నులతో తయారైన విమానం అది. అందులో ఎక్కింది ధనికులు, సినిమా తారలు, కంపెనీ అధిపతులు. పెట్టుబడి ప్రజలది, ప్రయాణం కొద్దిమందిది. ఈ విషయం వ్రాయకుండా కాంకార్డ్ లాభాల గురించి వ్రాస్తే సగం లెక్కే అవుతుంది.

విరమణ

2000 జులై 25న పారిస్‌లో బయలుదేరిన ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ చక్రం, రన్‌వే మీద మరొక విమానం నుంచి పడిన సుమారు 43 సెంటీమీటర్ల లోహపు ముక్క మీదుగా పోయింది. టైరు పేలింది. దాదాపు నాలుగున్నర కిలోల రబ్బరు ముక్క రెక్క అడుగున తగిలింది. ఆ తాకిడికి ఇంధన ట్యాంకు లోపల వచ్చిన ఒత్తిడికి గోడ చిట్లి, కారిన ఇంధనం అంటుకుంది. విమానం గొనెస్ అనే వూరి వద్ద కూలి అందులోని 109 మంది, నేల మీది నలుగురు మరణించారు.

తరువాత ట్యాంకులకు కెవ్లార్ పొరలు వేశారు, కొత్త రకం టైర్లు తెచ్చారు. విధి విపరీతం చూడండి. మార్పుల తరువాత బ్రిటిష్ ఎయిర్వేస్ తన ఉద్యోగులను ఎక్కించి పరీక్షగా నడిపిన రోజు 2001 సెప్టెంబరు 11. అమెరికాలో జంట భవనాలు కూలిన రోజు. అదే సంవత్సరం నవంబరు 7న సర్వీసు తిరిగి మొదలైనా, డబ్బున్న ప్రయాణీకులు విమానాలకే భయపడే కాలం వచ్చింది. అంతకు ముందే, 2000లో, మామూలు విమానాల బిజినెస్ తరగతిలోనే కాళ్ళు చాపి పూర్తిగా పడుకునే సీట్లు వచ్చాయి. నిద్రపోయేవాడికి ఏడు గంటలు బరువనిపించవు.

చివరి దెబ్బ మరమ్మతు ఖర్చు. 747కు కావలసిన విడిభాగం ఖర్చును వందల విమానాలు పంచుకుంటాయి. కాంకార్డ్ భాగానికి పంచుకునేవి డజను విమానాలే. అవి ముసలివవుతున్న కొద్దీ తనిఖీలు పెరిగాయి. ఆ విమానానికి సాంకేతిక బాధ్యత వహించిన ఎయిర్‌బస్ తన మద్దతు ఖర్చు పెరుగుతున్నదని చెప్పింది. ఎయిర్‌బస్ మద్దతు లేకుండా ఎగరడానికి చట్టం ఒప్పదు. 2003 ఏప్రిల్ 10న రెండు కంపెనీలూ ఒకే రోజు విరమణ ప్రకటించాయి. ఎయిర్ ఫ్రాన్స్ సర్వీసు మే 31న, బ్రిటిష్ ఎయిర్వేస్ సర్వీసు అక్టోబరు 24న ముగిశాయి. నవంబరు 26న ఒక కాంకార్డ్ తాను పుట్టిన ఫిల్టన్‌లో దిగింది. ఆ తరువాత ఏ కాంకార్డూ ఎగరలేదు. ఇది కూడా పైన చెప్పిన సూత్రమే. మోటారు మరమ్మతు పంట రాబడిని మించినప్పుడు, ఆ మోటారు ఎంత ముచ్చటైనదైనా ఆపవలసిందే.

మిగిలినదేమిటి?

అంతా వ్యర్థమేనా? కాదు. కార్బన్ బ్రేకులు, విద్యుత్ సంకేతాలతో విమానాన్ని నియంత్రించే పద్ధతి కాంకార్డ్‌లో వాడారు, తరువాత అవి మామూలు విమానాలకు వచ్చాయి. రెండు దేశాల ఇంజనీర్లు, రెండు భాషలలో, రెండు కొలమానాలతో కలిసి పని చేయడం నేర్చుకున్నారు. ఐరోపా దేశాలు కలిసికట్టుగా విమానాలు కట్టే ఎయిర్‌బస్‌కు ఆ అనుభవం పనికి వచ్చింది.

వేగం మీద మోజు కూడా చావలేదు. అమెరికాలోని బూమ్ అనే కంపెనీ ప్రయోగ విమానం 2025 జనవరి 28న ధ్వని వేగాన్ని దాటింది. మోతను చిన్న 'టక్' శబ్దంగా తగ్గించే ఆకారంతో నాసా తయారు చేసిన ఎక్స్-59 అదే ఏడాది అక్టోబరులో మొదటిసారి ఎగిరింది. 1973 నాటి నిషేధాన్ని ఎత్తివేయవలసిందిగా 2025 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. మోత సమస్య తీరితే తీరవచ్చు. కాని ఆఘాత తరంగాల ఈడుపు, ఇంజను దాహం ఉత్తర్వులతో తగ్గేవి కావు. ఈనాడు వాటికి తోడు వాతావరణంలో కలిసే బొగ్గుపులుసు వాయువు లెక్క కూడా చెప్పవలసి వుంటుంది.

విద్యార్థి మిత్రులారా, మన ప్రయోగశాలలో ఒక యంత్రం పని చేస్తే మార్కులు వేస్తారు. లోకం వేసే ప్రశ్నలు మరి మూడున్నాయి. దీనికి ఖర్చెంత? ఆ ఖర్చు ఎవరు పెడతారు? దీని మోత ఎవరి నెత్తిన పడుతుంది? కాంకార్డ్ మొదటి పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంది. ఈ మూడు ప్రశ్నలనూ 1962లో సంతకాలు పెట్టక ముందే అడిగి వుంటే, వాటి జవాబులు 110 కోట్ల పౌండ్లు ఖర్చు కాకుండానే తెలిసి వుండేవి. రేపు మనలో ఎవరైనా ఇంజనీరై, అధికారియై, ఒక పెద్ద పథకం కాగితం ముందు కలం పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ మూడింటినీ ముందుగా అడగాలి. తప్పుకునే దారి ఆ కాగితంలో వుందో లేదో కూడా చూసుకోవాలి.